ఏడో పంపులో విరిగిన బోల్టు

నమోదు 1
సోమవారం. నీటికొయ్య దగ్గర 11 అంగుళాలు.

ఈ పుస్తకం అట్ట మీద "యంత్రపు మూత తెరిచినవారు తమ తప్పును తామే వివరించు పుస్తకము" అని అచ్చేసి ఉంది. యంత్ర క్షేమ శాఖ ప్రతి ఉద్యోగికీ ఒకటి ఇస్తుంది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నా పుస్తకం మడత నలగలేదు. ఇవాళ నలిగింది.

నా పేరు నూర్‌బాషా సైదాబీ. వయసు యాభై నాలుగు. కొత్తకట్ట ఊరికి యంత్ర పరామర్శకురాలిని. అంటే రోజూ పొద్దున్నే ఊళ్ళోని ఆరు పంపుల దగ్గరికీ వెళ్ళి, వాటి నొసట దీపం ఏ రంగులో ఉందో చూసి, ఎలా ఉన్నాయో శాఖకి రాయాలి. ఆకుపచ్చ అయితే కుశలం. పసుపు అయితే నలత. నీలం అయితే విశ్రాంతి. విప్పి చూడకూడదు, తట్టి చూడకూడదు. మనిషికి జ్వరమొస్తే చెయ్యి పట్టుకుని చూడొచ్చు గానీ పంపుకి వస్తే అది అంతరంగ ఉల్లంఘన. పూర్వం ఎవరో మహానుభావుడు ఇంట్లో బ్యాటరీ విప్పబోయి వీధి వీధంతా తగలబెట్టాడట. అప్పట్నుంచీ ఈ చట్టం. ఒకడు తాటిచెట్టు మీంచి పడ్డాడని ఊరందరి చేతా నిచ్చెనలు తగలబెట్టించినట్టు.

మా ఊరు సముద్రం కన్నా పల్లంలో ఉంది. చుట్టూ కట్ట. వాకిలి ఊడుస్తూ తలెత్తితే పైన పడవలు పోతూ కనబడతాయి. కట్ట కింద నుంచి ఊరే ఉప్పునీటిని ఆ ఆరు పంపులూ తోడి అవతల పోస్తుంటేనే మేం నాలుగు వందల ఇళ్ళవాళ్ళం పొడి నేల మీద అన్నం తింటాం.

ఇవాళ ఆరు దీపాలూ నీలం.

పంపుల గదిలో గోడకి, ఊళ్ళో ప్రతి ఇంటి గోడకీ సుముఖి ఉంటుంది. శాఖ తరఫున మాట్లాడే యంత్రం. దాని గొంతు మా పెద్దత్త గొంతులా ఉంటుంది. తియ్యగా, ఏ పనికీ రాకుండా.

"ఆరూ ఒకేసారి ఎందుకు ఆగాయి?" అన్నాను.

"శనివారం తుఫాను ఉంది కదండీ. అలజడి నీరు పంపుల ఒంటికి మంచిది కాదు. అందుకని ముందుగానే విశ్రాంతి తీసుకుంటున్నాయి."

"తుఫాను వచ్చినప్పుడే కదమ్మా వాటితో పని!"

"మీ ఆతృత గమనించాం. తుఫాను వెళ్ళిపోయాక లేస్తాయి."

పెళ్ళి అయిపోయాక వచ్చే మంగళవాద్యం అన్నమాట.

నీటికొయ్య మీద నలభై అంగుళాల దగ్గర ఎర్రగీత ఉంది. నీళ్ళు అది దాటితే ఊరి మంచినీళ్ళ తొట్టిలోకి ఉప్పు దిగుతుంది. తొట్టి చెడిన ఊరిని ప్రభుత్వం నివాసానికి పనికిరాదని జాబితాలోంచి కొట్టేస్తుంది. రెండేళ్ళ క్రితం పక్కనున్న పాతకట్టని అలాగే కొట్టేశారు. అక్కడి జనం ఇప్పుడు ఎగువన మెట్ట మీద రేకుల షెడ్లలో ఉన్నారు. ఊరి పేరు అడిగితే షెడ్డు నంబరు చెప్తారు.

ఇక మిగిలింది ఏడో పంపు. కట్ట కట్టిన కొత్తల్లో, ఎవరిదో టాక్సీలోంచి ఊడదీసిన కారు ఇంజనుకి బెల్టు తగిలించి పంపు తిప్పేవాళ్ళు. అదే ఇది. పెట్రోలు ఇప్పుడు ఎక్కడా లేదు కాబట్టి తాటిసారాతో నడుస్తుంది. శాఖ దీన్ని వారసత్వ వస్తువు చేసి చుట్టూ ఇత్తడి కమ్మీలు పాతింది. ఏడాదికోసారి ఐదు నిమిషాలు తిప్పి, డెప్యూటీ గారు పక్కన నిలబడి ఫొటో దిగి, ఆపేస్తారు. ఇంజనుకి అంతకన్నా విశ్రాంతి జీవితం ఉండదు.

నేను హ్యాండిలు వేసి తిప్పాను. నాలుగో తిప్పుకి అందుకుంది. కట్ట మీద గొట్టంలోంచి నీళ్ళు భళ్ళున అవతల పడ్డాయి. ఊళ్ళో చప్పట్లు. గంట తిరిగిందో లేదో ఇంజను తల కింద, దిమ్మకీ హెడ్డుకీ మధ్య, బుడగలు బుడగలుగా నీళ్ళు కారడం మొదలైంది. హెడ్డు బిగువు సడలిందన్నమాట. ఆపి, ప్రదర్శన కోసం అద్దాల పెట్టెలో పెట్టిన పానాలు తీసి బిగించాను. ఒకటో బోల్టు. రెండోది. మూడోది బిగిసింది. బిగిసినా, 'ఇంకొంచెం' అనుకున్నాను.

బోల్టు విరిగేటప్పుడు ముందు శబ్దం రాదు. చేతికి మెత్తగా తగులుతుంది, బెల్లప్పాకంలో గరిటె తిరిగినట్టు. ఆ తర్వాత టక్కుమంటుంది.

శాఖ వారికి మనవి: తప్పు ఇంజనుది కాదు. నాది.

నమోదు 2
మంగళవారం. 15 అంగుళాలు.

కొత్త బోల్టు కావాలని సుముఖిని అడిగాను. బోల్టు అనే మాట తన పదకోశంలో లేదంది. మర ఉన్న ఇనప ముక్క అన్నాను. "మీరు చెప్పేది ఒక భాగం. మేం భాగాలు ఇవ్వమండీ. వస్తువులు మాత్రమే మారుస్తాం. ఏడో పంపుకి బదులు కొత్త పంపు కోసం దరఖాస్తు నమోదు చేయమంటారా? ఏడు పనిదినాలు."

"చెయ్యి."

"తుఫాను సెలవులు కలిపితే పద్నాలుగు."

మధ్యాహ్నం కట్ట కమిటీ పెద్ద బొమ్మిడి ధనకోటి వచ్చింది. నా ఈడుదే. వేటపడవలు నాలుగున్నాయి, నోరు ఐదో పడవ. కమ్మీ మీద కాలుపెట్టి, "ఏమే సైదా, నిన్న చప్పట్లు కొట్టించుకున్నావు, ఇవాళ ఇంజను ఎందుకు మూగబోయింది?" అంది.

"బోల్టు విరిగింది."

"ఒకటే కదా, మిగతావి తొమ్మిది ఉన్నాయి కదా!"

"నీ పడవకి ఒకటే చిల్లు ఉంటే వేటకి వెళ్తావా?"

కమ్మీ మీంచి కాలు దించింది. అది అరుదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

హెడ్డు విప్పాలంటే అన్ని బోల్టులూ తియ్యాలి. ఎనిమిది వచ్చాయి. ఏడోది తుప్పుతో దిమ్మలో పాతుకుపోయింది. నూనె పోసి నానబెట్టాను, సెగ పెట్టాను, బతిమాలాను. అదీ విరిగింది. ఒకటి గర్వంతో విరగ్గొట్టాను, రెండోది జాగ్రత్తతో.

హెడ్డు ఎత్తి చూస్తే మూడో బోల్టు ముక్క దిమ్మ పైకి వేలెడు నిలబడి ఉంది. దాన్ని కాల్చి, చల్లార్చి, మళ్ళీ కాల్చి, పైపు పానాతో పట్టి తిప్పితే కీచుమంటూ వచ్చేసింది. లోపల మర చెక్కుచెదరలేదు. ఏడోది మాత్రం దిమ్మ లోపలికి అంగుళం కింద విరిగింది. పట్టుకోవడానికి ఏమీ లేదు.

ధనకోటి రంధ్రంలోకి తొంగిచూసి, "పన్ను విరిగి వేరు లోపలే ఉండిపోయినట్టుంది," అంది.

నమోదు 3
బుధవారం పొద్దున. 19 అంగుళాలు.

ఇనుముకి డ్రిల్లు వాడటం నేరం. చెక్కకి క్షేమ శాఖ లేదు కాబట్టి పడవలు కట్టేవాళ్ళ దగ్గర డ్రిల్లు ఉంది. ధనకోటి తెచ్చింది. విరిగిన ముక్క నడుమ రంధ్రం వేసి, అందులోకి చతురస్రపు ఉలి దిగ్గొట్టి, వెనక్కి తిప్పి తీద్దామని నా ఆలోచన. ఆలోచన మంచిదే. ఐటీఐలో ఫిట్టరు చదివిన ఆఖరి బ్యాచి నాది. ఆ తర్వాత ఆ గదిలో యోగా నేర్పుతున్నారు.

చదివింది ముప్పై ఏళ్ళ కిందట. చేతికి గుర్తుందనుకున్నాను. చేతికి గుర్తున్నది సంతకం పెట్టడం ఒక్కటే.

డ్రిల్లు గట్టి ఉక్కు మీద జారి మెత్తటి దిమ్మ వైపు ఒరిగింది. ముక్క ముక్కలై బయటికి వచ్చింది నిజమే. దాంతోపాటు రంధ్రంలో ఒక పక్కన మరంతా కొట్టుకుపోయింది. వేలు పెట్టి చూశాను. ఒక వైపు గరుకుగా మెట్లు, రెండో వైపు నున్నగా జారుడుబల్ల. ఇక అందులో ఏ బోల్టూ నిలవదు.

కట్ట మీద కూలబడ్డాను. ధనకోటి, "ఇంక ఆచారి గారి దగ్గరికి వెళ్ళు," అంది.

"వెళ్ళను."

"నీ మొహం చెల్లదని ఊరిని ముంచుతావా?"

లేచి చేతుల మురికి తుడుచుకున్నాను.

నమోదు 4
బుధవారం మధ్యాహ్నం. 21 అంగుళాలు.

లక్కోజు భద్రాచారి గారికి డెబ్బై ఆరేళ్ళు. మా నాన్నకి స్నేహితుడు. ఐటీఐ అయ్యాక ఆయన షెడ్డులో మూడేళ్ళు పనిచేశాను. బాబాయ్ అని పిలిచేదాన్ని. తర్వాత చట్టం వచ్చింది, పనివాళ్ళందరూ తలోదారి పట్టారు, నేను శాఖలో చేరాను. చేరిన కొత్తల్లో నాకిచ్చిన మొదటి పని ఆయన ఇనుము చెక్కే లేతు మిషనుకి సీసం ముద్ర వెయ్యడం. వేశాను. ఆయన అరవలేదు. ముద్ర వేసి లేచాక, "ఎండన పడి వచ్చావు, తాగు," అని మజ్జిగ గ్లాసు ఇచ్చాడు. తాగాను కూడా. ఆ తర్వాత ఇరవై ఒక్కేళ్ళు ఆ వీధిలోకి వెళ్ళకుండా ఆరు పంపులకీ చుట్టుతిరిగి నడిచాను.

గుమ్మంలో నన్ను చూసి లేవబోయాడు.

"రండి మేడం గారూ. ఈసారి దేనికి ముద్ర? ఇంట్లో మిగిలినవి మా ఆవిడ తిరగలి, నా పళ్ళసెట్టు."

"బాబాయ్, ఏడో పంపు బోల్టు విరిగింది."

"బోల్టు విరగదండీ. విరగ్గొడతారు."

"అవును. విరగ్గొట్టాను."

ఆయన నా మొహంలోకి చూశాడు. కుడిచెయ్యి వణుకుతోంది. ఎడమచేత్తో దాన్ని పట్టుకున్నాడు.

"డ్రిల్లు పెట్టారా?"

"పెట్టాను."

"పక్కకి పోయింది."

"పోయింది."

"ముందు పంచ్ కొట్టి గుంట చేసుకోలేదా?"

"చేశాను."

"కళ్ళు మూసుకుని చేశావు," అన్నాడు. మేడం గారు అన్న మాట ఎక్కడో జారిపోయింది. పని మాట వచ్చేసరికి ఆయనకి కోపం గుర్తుండదు. "మర ఎంత పోయింది? సగమా? ఇంక పాత సైజు దానికి వద్దు. రంధ్రం పెద్దది చేసి, పెద్ద మర కొయ్యాలి. అందులోకి బుష్షు బిగించాలి. బయటా మర, లోపలా మర. లోపలి మరలో బోల్టు కూర్చుంటుంది. సరిగ్గా కుదిరితే అసలు మర కన్నా గట్టిగా ఉంటుంది. మర కోసే ట్యాపు ఉంది నా దగ్గర, బియ్యం డబ్బాలో. బుష్షు ఎవడు చేస్తాడు?"

"మీరు."

"దేని మీద?"

గదిలో మూలన లేతు ఉంది. దుప్పటి తీశాడు. మచ్చ లేదు, తుప్పు లేదు. నూనె వాసన. ఇరవై ఒక్కేళ్ళు రోజూ తుడిచాడు. వాడకూడదని చట్టంలో ఉంది గానీ తుడవకూడదని లేదు. ముద్ర మాత్రం చక్రానికి అలాగే వేలాడుతోంది. దాని మీద నా ఉద్యోగి నంబరు, 0417.

"తెంపండి బాబాయ్."

"నేనా? నేను చట్టానికి కట్టుబడ్డవాణ్ణమ్మా. వేసినవాళ్ళే తెంపాలి. తెంపానని ఆ పుస్తకంలో రాయాలి. తెంపినచోట నా పేరు రాకూడదు, నీ పేరే రావాలి."

కటింగ్ ప్లయరు నా చేతికిచ్చాడు.

ఇందుమూలంగా రాస్తున్నది ఏమనగా, 0417 నంబరు ముద్రని 0417 నంబరు ఉద్యోగి, అనగా నేను, స్వబుద్ధితో తెంపాను. మెదడు చెడి కాదు. ఇన్నాళ్ళకి బాగుపడి.

"క్షమించండి బాబాయ్," అన్నాను.

"అది తర్వాత. ముందు ఆ చక్రానికి నూనె వెయ్యి," అన్నాడు.

నమోదు 5
గురువారం. 25 అంగుళాలు. చినుకులు.

లేతు ప్లగ్గు గోడలో పెట్టగానే సుముఖి, "ఈ పరికరం మాకు పరిచయం లేదండీ, కరెంటు ఇవ్వలేం," అంది. ఆచారి గారు గోడ వైపు తిరిగి, "నువ్వు పుట్టకముందు నుంచీ ఉందమ్మా ఇది. నీకే పరిచయం లేదు," అన్నాడు.

ధనకోటి నలుగురు వలలాగే మనుషుల్ని తెచ్చింది. మోటారు తీసేసి, పెద్ద చక్రానికి మోకు చుట్టి, ఇద్దరు ఇటూ ఇద్దరు అటూ లాగితే లేతు తిరిగింది. మొదట వేటపాట ఎత్తుకున్నారు. పాట ఊపుకి లేతు కుదుపులు పడుతోందని ఆచారి గారు కసిరాడు. "పాడండి గానీ, ఒకే వేగంతో పాడండి. ఇది వల కాదు." అంతమంది నోరున్నవాళ్ళు అంత బుద్ధిగా పాడటం నేనెప్పుడూ వినలేదు.

పాత లారీ ఇరుసు ముక్క ఒకటి బిగించాడు. చెయ్యి వణుకుతోందని తువ్వాలుతో మణికట్టుని లేతు హ్యాండిలుకి కట్టించుకున్నాడు. మొదటి బుష్షు లోపలి మర దగ్గర పగిలింది. ఆయన దాన్ని కిటికీలోంచి నీళ్ళలోకి విసిరేసి, "ఇంకోటి," అన్నాడు. నలుగురూ మళ్ళీ మోకు అందుకున్నారు. అరచేతులు చిట్లి మోకుకి నెత్తురు అంటింది.

సాయంత్రం నాలుగింటికి రెండో బుష్షు తయారైంది. బొటనవేలంత ఉంది. దానితోపాటు రెండు కొత్త బోల్టులు. అరచేతిలో పెట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. ధనకోటి చూసి, "ఇంత ముక్క కోసమా ఊరు మునిగేది!" అంది. అంత ముక్క కోసమే. పెద్దవి చెడిపోతే అందరికీ కనబడతాయి.

నమోదు 6
శుక్రవారం. 31 అంగుళాలు. వాన.

ఇవాళ మర కోశాం. కోసింది నేను. కోయించింది ఆయన.

ధనకోటి మనుషులు ఇంజను మీద తాటాకు పందిరి వేసి, ఆచారి గారిని కుర్చీతో సహా మోసుకొచ్చారు. ముందు రంధ్రాన్ని నిలువుగా పెద్దది చేశాను. ఈసారి ఒరగకుండా, మందపాటి ఇనప పలకకి నడుమ బెజ్జం పెట్టి, పక్క బోల్టులతో దిమ్మ మీద బిగించి, ఆ బెజ్జంలోంచే డ్రిల్లు దించమన్నాడు. బుధవారం నాకు ఈ బుద్ధి ఎందుకు పుట్టలేదని అడగలేదు. అడగకపోవడం తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

తర్వాత ట్యాపు. ఇది మర కోసే ఉలి. చూడ్డానికి బోల్టులా ఉంటుంది గానీ ఒళ్ళంతా పళ్ళు. బోల్టు విరిగితే డ్రిల్లు వెయ్యొచ్చు. ట్యాపు లోపల విరిగితే దాన్ని తినగల డ్రిల్లు ఈ భూమ్మీద లేదు. దిమ్మ పోయినట్టే. ఆ ట్యాపు వయసు నా వయసు. ఊళ్ళో ఉన్నది అదొక్కటే.

ఆచారి గారు పొడవాటి స్క్రూడ్రైవరు కొస దిమ్మకి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"అర చుట్టు ముందుకి. పావు వెనక్కి. నూనె. మళ్ళీ."

అర ముందుకి, పావు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడు లోపల ఇనప తురుము తెగిన చప్పుడు నాకూ వినబడింది. కొబ్బరి కోరుతున్నట్టు. గంటన్నరలో ముప్పావు వంతు దిగింది. నీళ్ళు నా పిక్కల దాకా ఉన్నాయి. భుజాలు లాగేస్తున్నాయి.

"ఆపు."

"ఇంక పావు చుట్టే బాబాయ్, దిగిపోతుంది..."

"ఆ పావు చుట్టే నీ రోగం. ఆపు."

ఆపాను. చెయ్యి తీసేస్తే ట్యాపు పిడి తనంతట తాను వెనక్కి కాస్త తిరిగింది, మెలిపెట్టిన గుడ్డ విడిచిపెట్టినట్టు. ఇంకొక్క వెంట్రుకవాసి తిప్పి ఉంటే తెగేది.

"మొత్తం బయటికి తియ్యి. కడుగు. తురుము ఊదు. మళ్ళీ మొదట్నుంచి దించు."

"మొదట్నుంచా? వాన..."

"వాన దారిన అది పోతుంది."

తీశాను, కడిగాను, మొదట్నుంచి దించాను. ఒంటిగంటకి అడుగు తగిలింది. బుష్షు వేళ్ళతోనే మరలోకి ఎక్కించాను. చివర్లో పానాతో బిగించి, అంచు మీద ఉలితో మూడు చోట్ల నొక్కాం, మళ్ళీ తిరగకుండా. ఆచారి గారు వేలు పెట్టి తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"ఫరవాలేదు," అన్నాడు.

ఆయన షెడ్డులో ఉన్న మూడేళ్ళలో ఆ మాట నాకు దక్కలేదు.

నమోదు 7
శనివారం. పొద్దున 36. మధ్యాహ్నం 41. సాయంత్రం 38.

అంకెలు ముందే రాసేశాను. శాఖవారికి అవే కావాలి. మిగతాది మాకోసం.

హెడ్డు కింద పరిచే గ్యాస్కెట్టు అదృష్టం కొద్దీ చిరగలేదు. రెండు వైపులా వెండిరంగు పెయింటు పూసి అదే వేశాం. గాలికి పందిరి లేచిపోయింది. హెడ్డు కూర్చోబెట్టి, నడుమ నుంచి చివరలకి వరసగా మూడు విడతల్లో బిగించాను. ఏడో బోల్టు దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. బిగిసింది. ఇంకొంచెం అని లోపల్నుంచి ఎవరో అన్నారు. ఆ ఎవరో నేనే కాబట్టి, పానా తీసేశాను.

సారా పోసి తిప్పితే అందుకోలేదు. ఐదు సార్లు. పది సార్లు. ధనకోటి నన్ను పక్కకి తోసి తానే హ్యాండిలు పట్టుకుంది. ఆ ఇంజను వంశంలో ఎవరెవరిని తిట్టిందో ఇక్కడ రాయను. మూడో తిట్టుకి అందుకుంది.

హెడ్డు దగ్గర వేలు పెట్టి చూశాను. పొడిగా ఉంది.

కానీ ఒక్క ఇంజనుతో అంత వానని తోడటం కష్టం. పన్నెండింటికి నీళ్ళు ఎర్రగీత దాటాయి. ఊరంతా మంచినీళ్ళ తొట్టి చుట్టూ చేరి, ఇసక బస్తాలు, తలుపులు, మంచాలు, ఆఖరికి పెళ్ళిపీటలు కూడా అడ్డం పెట్టారు. పల్లపు వీధిలో పదకొండు ఇళ్ళు పోయాయి. వాటిలో ఒకటి, మొన్న లేతుకి మోకు లాగి అరచేతులు చిట్లించుకున్న పోలయ్యది. తన ఇల్లు కూలే చప్పుడు వింటూనే తొట్టి దగ్గర బస్తా మోశాడు. మూడింటికి నీళ్ళు ఆగాయి. నాలుగింటికి కొయ్య మీద బురదగీతకి అరంగుళం కిందికి నీళ్ళు దిగాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తొట్టిలో నీళ్ళు ధనకోటి దోసిట్లో పట్టి తాగింది.

"తియ్యగా ఉన్నాయి," అని ఏడ్చింది.

నమోదు 8
మంగళవారం. 27 అంగుళాలు.

పంపులు మేలుకున్నాయి. ఆరింట్లో రెండు. మిగతా నాలుగూ లోపల నీళ్ళు దిగి చచ్చిపోయాయి. దీపాలు మాత్రం ఆకుపచ్చగా వెలుగుతున్నాయి, కుశలం అని.

సుముఖి ఊరందరికీ వినబడేలా ఒక ప్రకటన చదివింది: "తుఫాను వేళ ప్రాప్తకాలజ్ఞతతో విశ్రాంతి తీసుకుని కొత్తకట్టను కాపాడిన ఆరు పంపులకు శాఖ అభినందనలు." పోలయ్య అప్పుడు తన ఇంటి దూలం బురదలోంచి లాగుతున్నాడు. ఆ గొంతు వచ్చిన వైపు చూశాడు. మళ్ళీ దూలం లాగాడు.

నమోదు 9
శుక్రవారం. 18 అంగుళాలు.

డెప్యూటీ పరిమి తేజోవర్ధన్ గారు మెట్ట నుంచి వచ్చారు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని. ఈ పుస్తకం అంతా నిలబడి చదివారు. తర్వాత మూడు కాగితాలు తీశారు.

మొదటిది, ముద్ర తెంపినందుకు నన్ను ఉద్యోగంలోంచి తీసేశారని. సంతకం పెట్టి తీసుకున్నాను. ఇరవై రెండేళ్ళు. కళ్ళు మాత్రం కాస్త మసకబారాయి, అబద్ధం చెప్పను.

రెండోది: "వారసత్వ వస్తువు నందు అనధికార బుష్షు గలదు. దానిని తొలగించి, వస్తువును ఘటననాటి స్థితికి, అనగా విరిగిన బోల్టుతో, పునరుద్ధరించవలెను."

ధనకోటి రెండుసార్లు చదివించుకుంది. "అంటే బాగుచేసినదాన్ని మళ్ళీ విరగ్గొట్టాలా?"

"విరగ్గొట్టడం కాదండీ, పునరుద్ధరణ," అన్నారు డెప్యూటీ గారు. ఆ మాట ఆయన నోటికే చేదుగా తగిలినట్టుంది.

మూడోది, లేతుకి తిరిగి ముద్ర వెయ్యాలని. సీసం బిళ్ళ కూడా తెచ్చారు.

రెండో, మూడో కాగితాల కింద సన్నటి అక్షరాలు చదివాను. "పై పనిని స్థానిక పరామర్శకురాలి చేత మాత్రమే చేయించవలెను."

"మొదటి కాగితం ముందు ఇచ్చేశారు కదండీ," అన్నాను. "నేనిప్పుడు పరామర్శకురాలిని కాను."

ఆయన కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పారు. మూడు కాగితాలూ మూడు విభాగాలవి. ఒకరు రాసింది ఒకరు చదవలేదు.

"కొత్తవారి నియామకానికి ఎంత కాలం పడుతుంది?" అని అడిగాడు ఆచారి గారు, చాలా మర్యాదగా.

డెప్యూటీ గారు ఇంజను వైపు నడిచారు. అది తిరుగుతూనే ఉంది. గొట్టంలోంచి నీళ్ళు అవతలికి పడుతున్నాయి. నేను పానా తీసి ఆయన చేతికిచ్చాను. "ఏడోది అదేనండీ. మీకు అధికారం ఉంది, మీరే విప్పండి."

పానా ఆయన చేతిలో చాలా శుభ్రంగా కనబడింది. బోల్టు తల మీద పెట్టారు. ఎటు తిప్పాలో తెలియలేదు. నా వైపు చూశారు. నేను నీటికొయ్య వైపు చూశాను.

"ఇది ఆగితే..." అన్నారు మెల్లగా.

"మళ్ళీ నీళ్ళు పెరుగుతాయి, మేలుకున్న రెండూ చాలవు. మీరు చూసిన ఆకుపచ్చ దీపాలు తోడవు," అన్నాను.

పానా కమ్మీ మీద పెట్టేశారు. కాగితం మీద ఏదో రాసి మడిచి జేబులో పెట్టుకున్నారు. ఏం రాశారో మాకు చూపించలేదు. వెళ్ళేటప్పుడు సీసం బిళ్ళ మర్చిపోయారు. మర్చిపోయారో, వదిలేశారో ఆయనకే తెలియాలి. ఆచారి గారు దాన్ని కరిగించి వలలకి గుండ్లు పోశాడు.

నమోదు 10
ఆదివారం. 12 అంగుళాలు.

ఉద్యోగం పోయినవాళ్ళు ఈ పుస్తకం స్థానిక పరామర్శకురాలికి అప్పగించి రసీదు తీసుకోవాలి. ఆ మనిషి ఎవరూ లేరు కాబట్టి రాస్తూనే ఉన్నాను.

చచ్చిన నాలుగు పంపుల్లో మొదటిదాన్ని పోలయ్యా నేనూ విప్పాం. అది మమ్మల్ని ఏమీ అనలేదు. లోపల తుప్పుపట్టి విరిగిన బోల్టులు పదహారు. వాటికి బదులు పదహారు కావాలి. పొద్దున్నే ఆచారి గారి లేతు దగ్గరికి వెళ్ళాను. ఆయన కుర్చీ పక్కకి లాక్కుని, హ్యాండిలు చూపించాడు.

"రా అమ్మాయ్. నువ్వు కొయ్యి. నేను చూస్తాను."

చూశాడు. చూస్తూ తిట్టాడు. మధ్యాహ్నం వాళ్ళావిడ, పిన్ని, మజ్జిగ ఇస్తే, తాగుతూ కూడా తిట్టాడు.

ఇవాళ కోసిన బోల్టులు ఆరు. పనికొచ్చింది ఒకటి. అదీ ఆయన తన వణికే చెయ్యి నా చెయ్యి మీద వేసి కోయించింది.